ఊడిందా, ఊడదీశావా?

రెండు నెలలుగా ఏమీ రాయలేదు, క్షమించండి. ఒక కారణం పరీక్షలు. రెండో కారణం మా నాన్న లాప్‌టాప్. ఈసారి దాని గురించే రాస్తాను. ముందు అనుకున్నాను, లాప్‌టాప్ లోపలి సామాన్ల పేర్లు తెలుగులో రావు కాబట్టి రాయడం కష్టమని. అదేమీ కష్టం కాలేదు. ఫ్యాన్‌ని అందరూ ఫ్యాన్ అనే అంటారు, స్క్రూని స్క్రూ అనే అంటారు. నేను ఇరుక్కుపోయింది క్రియల దగ్గర.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు: నేను పుట్టింది, పెరిగింది మస్కట్‌లో. అమ్మానాన్నలది అమలాపురం దగ్గర ఒక ఊరు. చిన్నప్పటి నుంచి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం ఇంగ్లీషు వస్తుంది. చదవడం, రాయడం మూడేళ్ళ నుంచి సొంతంగా నేర్చుకుంటున్నాను. తప్పులుంటే ఎప్పటిలాగే చెప్పండి.

నాన్న లాప్‌టాప్ ఏడెనిమిదేళ్ళ పాతది. నల్లగా, బరువుగా, ఇటుకలా ఉంటుంది. ఆయన ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో కొలతలు, లెక్కలు చూస్తారు. ఒక బిల్డింగ్ కట్టాలంటే ఎంత సిమెంటు, ఎంత ఇనుము, ఎన్ని బ్లాకులు పడతాయో అంతా ఒక పెద్ద పట్టికలో రాస్తారు. జూన్ వచ్చేసరికి ఆ లాప్‌టాప్ ఫ్యాన్ విమానంలా మోత పెట్టడం మొదలుపెట్టింది. ఇక్కడ జూన్ అంటే మీకు తెలుసు కదా, బయట 40 దాటుతుంది, సముద్రం పక్కన కాబట్టి గాలి కూడా తడిగా ఉంటుంది. పైగా సన్నటి దుమ్ము. కిటికీలు ఎంత మూసినా బల్ల మీద వేలితో పేరు రాయొచ్చు. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే ప్రాసెసర్ వేడి 95 డిగ్రీలు. అంత వేడెక్కితే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. నాన్న ఒక గడిలో అంకె మార్చి, పట్టిక కదిలేదాకా టీ తాగుతూ కూర్చునేవారు.

రువీలో కంప్యూటర్ దుకాణాలున్న వీధిలో అడిగాం. పన్నెండు రియాల్లు అన్నారు, మూడు రోజులు వదిలి వెళ్ళమన్నారు. నాన్న కుదరదన్నారు. ఆదివారం ఉదయం పదింటికి టెండర్ లెక్కలు ఇవ్వాలి. (ఇక్కడ వారం ఆదివారం మొదలవుతుంది. సెలవు శుక్ర, శనివారాలు. 2013 మేకి ముందు గురు, శుక్రవారాలు ఉండేదట. అమ్మ ఇప్పటికీ గురువారం సాయంత్రం "రేపు రెండో సెలవు" అని పొరపాటు పడుతుంది.)

"నేను శుభ్రం చేస్తాను నాన్నా, వీడియోలు చూశాను" అన్నాను.

"వద్దమ్మా. ఆదివారం అయ్యాక చూద్దాం" అన్నారు.

ఇది గుర్తుపెట్టుకోండి. ఆయన వద్దన్నారు.

శుక్రవారం పొద్దున్న అమ్మానాన్నలు దార్సైట్‌లో కృష్ణుడి గుడికి వెళ్ళారు. నేను చదువుకోవాలని చెప్పి ఇంట్లో ఉండిపోయాను. వాళ్ళ కారు మలుపు తిరగ్గానే భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచాను. వాళ్ళు వచ్చేసరికి లాప్‌టాప్ చప్పుడు లేకుండా, చల్లగా ఉంటుంది, నాన్న ఆశ్చర్యపోతారు, అదీ నా ప్లాన్.

మొదట్లో బాగానే జరిగింది. బ్యాటరీ కనెక్టర్ తీసేసి, పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకున్నాను, లోపల మిగిలిన కరెంటు పోవడానికి. ఆ పాత మోడల్‌లో ముందు పైనుంచి కీబోర్డు తీస్తే గానీ ఫ్యాన్ దాకా వెళ్ళలేం. కీబోర్డు కింద నుంచి బోర్డుకి ఒక వెడల్పాటి, పల్చటి రిబ్బన్ లాంటి కేబుల్ ఉంటుంది. దాన్ని తీశాను. ర్యామ్ తీశాను. ఫ్యాన్‌కి, రాగి రెక్కలకి మధ్యలో దుమ్ము ఒక పొరలా పేరుకుపోయి ఉంది, దిండులోంచి తీసిన దూదిలాగా. ఊదేటప్పుడు ఫ్యాన్ గిరగిరా తిరగకుండా వేలితో పట్టుకున్నాను, లేకపోతే దాని బేరింగ్ పాడవుతుంది. ప్రాసెసర్ మీద పాత పేస్టు ఎండిపోయి సున్నంలా రాలింది. మెడికల్ షాపులో దొరికే ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త పేస్టు బియ్యపు గింజంత పెట్టాను. చిప్‌కి, రాగి పలకకి మధ్య కంటికి కనిపించని సందులుంటాయి. ఆ సందుల్లో గాలి ఉంటే వేడి దాటదు. పేస్టు ఆ సందులు నింపుతుంది, అంతే దాని పని.

మళ్ళీ బిగించేటప్పుడు ఆ రిబ్బన్ దగ్గర "టిక్" అని చిన్న చప్పుడు అయింది. విన్నాను. వినలేదు అనుకున్నాను.

అన్నీ బిగించి బటన్ నొక్కితే ఏమీ లేదు. లైటు కూడా వెలగలేదు. నా చేతులు చల్లబడిపోయాయి. మళ్ళీ విప్పాను. బ్యాటరీ కనెక్టర్ పెట్టడం మర్చిపోయాను, చార్జర్ వైరు కూడా గోడకి పెట్టలేదు. రెండూ పెట్టాక ఫ్యాన్ తిరిగింది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. ర్యామ్‌ని తీసి, ఏటవాలుగా పెట్టి, పక్కనున్న రెండు క్లిప్పులూ పట్టుకునేదాకా కిందికి నొక్కాను. స్క్రీన్ వచ్చింది. తేదీ 2015 జనవరి 1 అని చూపించింది. అది బోర్డు మీద ఉండే నాణెం లాంటి బ్యాటరీ, సీఆర్2032 అంటారు. మూడు వోల్టులది. కంప్యూటర్ ఆపేసినా గడియారాన్ని నడిపించేది అదే. దాని చిన్న వైరు ప్లగ్గు నా చెయ్యి తగిలి వదులైంది. (తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ చాలా సైట్లు తెరవదు, సర్టిఫికెట్ గడువులు తేదీతో పోల్చి చూస్తుంది కాబట్టి. మీకెప్పుడైనా ఇలా జరిగితే ఇంటర్నెట్‌ని తిట్టేముందు గడియారం చూడండి.) దాన్నీ సరి చేశాను. చివరికి పాస్‌వర్డ్ అడిగే చోటికి వచ్చింది. టైప్ చేశాను. సగం అక్షరాలు పడలేదు. మౌస్ ప్యాడ్ కూడా కదల్లేదు.

అప్పుడు మా బాబాయికి వాయిస్ మెసేజ్ పంపాను. మా ఇంట్లో వాట్సాప్ కాల్స్ కలవవు, అందుకని మా కుటుంబం అంతా వాయిస్ మెసేజ్‌ల మీదే బతుకుతుంది. నాకు మంచిదే, అర్థం కాకపోతే మళ్ళీ మళ్ళీ వినొచ్చు. బాబాయికి అమలాపురంలో మోటార్ వైండింగ్ షాపు ఉంది. పొలాల్లో నీళ్ళ మోటార్లు కాలిపోతే ఆయన దగ్గరికి తెస్తారు. లాప్‌టాప్ ఆయన ఎప్పుడూ విప్పలేదు. మరి ఆయనకెందుకు పంపానంటే, ఆ సమయంలో నాన్నకి చెప్పకుండా ఉండగల మనిషి ఆయనొక్కడే.

నేను పంపింది ఇది, ఫోన్‌లో ఇంకా ఉంది: "బాబాయ్, నాన్న లాప్‌టాప్‌లో కీబోర్డు కేబుల్ ఊడిపోయింది. క్లిప్పు విరిగిపోయినట్టుంది. కీలు పనిచేయట్లేదు. ఏం చేయాలి?"

మస్కట్‌లో పదకొండున్నర అంటే అక్కడ ఒంటిగంట. భోజనం చేస్తున్నట్టున్నారు, కంచం చప్పుడు వినిపించింది.

"ఊడిపోయిందా, ఊడదీశావా అమ్మడూ?"

నాకు తేడా అర్థం కాలేదు. అంటే, మాటల అర్థం తెలుసు. ఆయన ఎందుకు అడుగుతున్నారో తెలియలేదు. కోప్పడుతున్నారేమో అనుకున్నాను. రెండో మెసేజ్ వచ్చింది, అది పెద్దది. నాకు గుర్తున్నంత వరకు ఆయన చెప్పింది ఇది: నా షాపుకి వచ్చే ప్రతి ఒక్కరూ "మోటారు కాలిపోయిందండీ" అనే అంటారు. ఎవరూ "కాల్చేశానండీ" అనరు. కానీ విప్పితే కాయిల్స్ చెప్పేస్తాయి. మూడు ఫేజుల కరెంటులో ఒకటి రాకపోయినా, నీళ్ళు కావాలి కాబట్టి, రెండు ఫేజుల మీదే నడిపిస్తారు. అప్పుడు కొన్ని కాయిల్స్ బొగ్గులా మాడిపోతాయి, పక్కవి కొత్తవాటిలా మెరుస్తుంటాయి. అది కాల్చిన మోటారు. బేరింగ్ అరిగి బిగుసుకుపోయి కాలితే ఇంకోలా ఉంటుంది. నేను ఏం కాలిందో చూస్తే సరిపోదు, వాళ్ళేం చేశారో తెలియాలి. లేకపోతే కొత్త వైండింగ్ చేసి ఇస్తాను, వారంలో మళ్ళీ తెస్తారు. కాబట్టి నువ్వేం చేశావో చెప్పు, ఏమైందో తర్వాత చూద్దాం.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మనలాంటి వాళ్ళకి పనికొస్తుంది.

ఇంగ్లీషులో ఒకే క్రియ రెండు పనులూ చేస్తుంది. వస్తువు విరిగినా, మనం విరిచినా అదే మాట, ముందున్న పేరు మాత్రం మారుతుంది. తెలుగులో క్రియే మారిపోతుంది. విరిగింది, విరగ్గొట్టాను. పగిలింది, పగలగొట్టాను. తెగింది, తెంచాను. వంగింది, వంచాను. కాలింది, కాల్చాను. పాడైంది, పాడు చేశాను. ఊడింది, ఊడదీశాను. ఇంకా గట్టిగా లాగితే ఊడబీకాను. చిన్నప్పుడు స్కూల్లో అరబిక్ నేర్చుకున్నవాళ్ళకి ఇది కొత్త కాదు: "కసర" అంటే విరగ్గొట్టాడు, "ఇన్‌కసర" అంటే విరిగింది. అరబిక్ టీచర్ దగ్గర ఈ జంటలు బట్టీ పట్టాను, కానీ మా ఇంటి భాషలో కూడా ఇవే ఉన్నాయని అప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ గమనించలేదు.

ఆ రోజు బాబాయి అడిగాక నా పాత మెసేజ్‌లు వెనక్కి వెళ్ళి విన్నాను. సిగ్గేసింది. మూడేళ్ళలో నేను తెలుగులో ఒక్క వస్తువు కూడా పగలగొట్టలేదు! కప్పు పగిలిపోయింది. అమ్మ చెవిదిద్దు కనిపించకుండా పోయింది. పాలు పొంగిపోయాయి. అన్నీ వాటంతట అవే. మొదట నేర్చుకున్నవి ఆ చిన్న రూపాలు, పలకడానికి సులువు, అందుకే అవి వాడానని నాకు నేను చెప్పుకోవచ్చు. కొంత నిజం కూడా. "విరగ్గొట్టాను"లో ఆ "గ్గొ" నా నోటికి ఇప్పటికీ సరిగ్గా రాదు. కానీ పూర్తి నిజం కాదని నాకు తెలుసు, మీకూ తెలుసు.

సరే, బాబాయికి మళ్ళీ చెప్పాను. ఈసారి వరసగా, చేసినవి. కీబోర్డు కేబుల్ లాగాను. ముందు నల్ల క్లిప్పు తెరవకుండానే లాగాను, వీడియోలో అతను తెరిచాడు, నేను అది దాటేశాను. మళ్ళీ పెట్టేటప్పుడు క్లిప్పుని పైకి ఎత్తాలో ముందుకి జరపాలో తెలియక రెండూ చేశాను. టిక్ అంది. అయినా నొక్కాను.

"ఆఁ, ఇప్పుడు చెప్పావు" అన్నారు. "అయితే అక్కడే ఉంది జబ్బు. ఇంకెక్కడా వెతక్కు. కానీ ముందు ఒకటి చూడు, కీబోర్డు చచ్చిందా, దారి చచ్చిందా?"

అది ఎలా చూడాలో ఆయనకి తెలియదు, నాకు తెలుసు. తమ్ముడి గదిలోంచి యూఎస్‌బీ కీబోర్డు తెచ్చి పెట్టాను. అన్ని అక్షరాలూ పడ్డాయి. అంటే కంప్యూటర్ బాగానే ఉంది. తర్వాత రీస్టార్ట్ చేసి, విండోస్ మొదలవకముందే బయోస్‌లోకి వెళ్ళాను. అక్కడ కూడా లోపలి కీబోర్డులో అవే కీలు పనిచేయలేదు. విండోస్ ఇంకా రాలేదు కాబట్టి తప్పు విండోస్‌ది కాదు. మిగిలింది కీబోర్డు, లేదా కేబుల్ పెట్టే చోటు. విప్పి, ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూశాను. నల్ల క్లిప్పుకి రెండు పక్కలా చెవుల్లాంటి చిన్న ముక్కలుంటాయి, వాటితోనే అది పట్టుకుంటుంది. ఎడమ చెవి లేదు. దుప్పటి మీద వెతికితే దొరికింది, నువ్వుగింజ కన్నా చిన్నది. ఒకవైపు పట్టు లేక కేబుల్ ఏటవాలుగా కూర్చుంది, కొన్ని గీతలు తగులుతున్నాయి, కొన్ని తగలట్లేదు. అందుకే సగం అక్షరాలు.

కారు శబ్దం వినిపించింది.

వాళ్ళు లోపలికి వచ్చేలోపు చెప్పాల్సిన వాక్యం మనసులో మూడుసార్లు అనుకున్నాను. అమ్మ ప్రసాదం పొట్లం పట్టుకుని ఉంది. నాన్న బల్ల వైపు చూశారు. నేను నోరు తెరిస్తే వచ్చింది ఇది: "నాన్నా, కీబోర్డు పాడైపోయింది."

"అదెలా పాడైంది?" అన్నారు. చాలా మామూలుగా అడిగారు. అదే కష్టమైంది.

"పాడైపోలేదు. నేను పాడు చేశాను. వద్దన్నా విప్పాను. క్లిప్పు విరగ్గొట్టాను."

అమ్మ ఏదో అనబోయి ఆగింది. నాన్న చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకి కోపం వస్తే ఇంగ్లీషులో మాట్లాడతారు, నేను ఇంగ్లీషు కోసం ఎదురుచూస్తున్నాను.

"ఫైల్ ఉందా?" అన్నారు, తెలుగులోనే.

ఆయన మెయిల్‌లో ఉన్న కాపీ మంగళవారంది. మూడు రోజుల పని లాప్‌టాప్‌లో మాత్రమే ఉంది. ఉందని చూపించాను. డిస్కుకి ఏమీ కాలేదని, ఒకవేళ బోర్డు మొత్తం పోయినా డిస్కు తీసి యూఎస్‌బీ డబ్బాలో పెట్టి వేరే కంప్యూటర్‌లో చదవొచ్చని చెప్పాను. ఇది ఆయనకి తెలియదు. లాప్‌టాప్ పోతే అందులో ఉన్నవన్నీ పోతాయనే ఇన్నాళ్ళూ అనుకున్నారట. ముందు ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. తర్వాత తమ్ముడి కీబోర్డు పెట్టుకుని ఆయన పని మొదలుపెట్టారు. ఆ కీబోర్డులో రంగురంగుల లైట్లు వెలుగుతుంటాయి, ఆటలు ఆడుకునేది. ఆ లైట్ల మీద ఆయన సిమెంటు బస్తాలు లెక్కపెడుతుంటే నవ్వు వచ్చింది, నవ్వలేదు.

వేడి? 95 నుంచి 71కి వచ్చింది. ఆ రోజు ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

శనివారం రువీ వెళ్ళి వేడికి కరగని పసుపు రంగు టేపు, ఒక రియాల్ పెట్టి కొన్నాను. దుకాణంలో ఉన్నతను క్లిప్పు ఫొటో చూసి హిందీలో "ఎవరు విప్పారు?" అని అడిగాడు. చూశారా, అందరూ మొదట అదే అడుగుతారు. ఒక చెవి ఉంటే చాలు, పెట్టొచ్చు, కేబుల్ పైన సన్నటి ప్లాస్టిక్ ముక్క పెట్టి ఆ మందంతో బిగించు అన్నాడు. ఇంటికొచ్చి పాత పారదర్శక ఫైల్ కవర్‌లోంచి రిబ్బన్ వెడల్పున ఒక ముక్క కత్తిరించాను.

రాత్రి నాన్న వచ్చి ఫోన్ టార్చి పట్టుకున్నారు. నేను అడగలేదు. నేను ఒంటిచెవి క్లిప్పుని పట్టకారుతో పట్టుకుని పెడుతుంటే ఆయన పక్కన నుంచి చెబుతూనే ఉన్నారు. "నొక్కకు, ఆన్చు చాలు." "సుతారంగా." "నిటారుగా పెట్టు, వాలనివ్వకు." ఆన్చు అనే మాట నాకు తెలియదు. గట్టిగా ఒత్తకుండా, కేవలం తగిలేలా పెట్టడం అని చేత్తో చూపించారు, నా మోచేతి మీద టార్చి అంచు ఆన్చి. సుతారం అని అమ్మమ్మ అనేదట, పూలు గుచ్చేటప్పుడు. ఈ రెండు మాటలూ నా నోట్‌బుక్‌లో ఒకే పేజీలో ఉన్నాయి, పక్కన ఆ పసుపు టేపు ముక్క కూడా అతికించాను.

కేబుల్ నిటారుగా కూర్చుంది. టేపు వేశాను. బయోస్‌లోకి వెళ్ళి ఒక్కో కీ నొక్కాం. అన్నీ పలికాయి.

వైఫై మాత్రం రౌటర్ పక్కన కూర్చుంటేనే దొరికింది. బాబాయి పద్ధతిలో నన్ను నేను అడిగాను, అక్కడ నువ్వేం ముట్టుకున్నావు అని. ఫ్యాన్ తీసేటప్పుడు రెండు సన్నటి వైర్లు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు, అడ్డం వస్తే పక్కకి లాగాను. అవి స్క్రీన్ చుట్టూ ఉండే యాంటెన్నాల వైర్లు. నల్లది వైఫై కార్డు మీంచి ఊడదీశాను. చొక్కా గుండీలా ఉంటుంది, సరిగ్గా పైన పెట్టి ఆన్చి... కాదు, ఇది నొక్కాలి. ఐదు నిమిషాల్లో అయిపోయింది. క్రియ సరిగ్గా పెట్టాక వెతకడం ఎంత తొందరగా అయిందో చూడండి.

ఆదివారం తొమ్మిదిన్నరకి లెక్కలు పంపేశానని నాన్న మెసేజ్ పెట్టారు. ఇంకేం రాయలేదు. సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ లాప్‌టాప్ కూడా మోత పెడుతోందన్నారు. అది అడిగినట్టో కాదో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

బాబాయికి అన్నీ బాగయ్యాయని మెసేజ్ పంపాను. కీబోర్డు, వైఫై, వేడి, అన్నీ చెప్పి, చివర్లో ఊరికే నవ్వుతూ అన్నాను: "ఒక్కటే బాబాయ్, రెండు స్క్రూలు మిగిలిపోయాయి."

పది సెకన్లలో వచ్చింది జవాబు.

"మిగిలిపోయాయా, మిగిల్చావా?"

రేపు శుక్రవారం. మళ్ళీ విప్పాలి. ఈసారి నాన్న ఇంట్లోనే ఉంటారు.